ప్రశ్న – జవాబు: వాగు ఒడ్డున నీలిపూల అడవి లెట్యూస్

ప్రశ్న: మేము అమెరికాలో, ఉత్తర కరోలినాలోని కేరీ పట్టణంలో ఉంటున్నాము. ఇంటి వెనుక వాగు వెంబడి సాగే నడకదారి పక్కన, చెట్లనీడ సగం పడేచోట, మనిషి ఎత్తును మించిన మొక్క ఒకటి ఆగస్టు నెలాఖరు నుంచి లేత నీలిరంగులో చిన్న చిన్న పువ్వులు పూస్తోంది. కాడ తుంచితే తెల్లని పాలు కారాయి. ఫోన్‌లోని యాప్ ఒకసారి చికోరీ అనీ, మరొకసారి అడవి లెట్యూస్ అనీ చూపింది. ఫొటోలు పంపుతున్నాను. ఇది ఇక్కడి సొంత మొక్కేనా, లేక బయటినుంచి వచ్చిన కలుపా? దీని ఆకు వండుకోవచ్చునా? — ఒక పాఠకురాలు

జవాబు: మీ ఫొటోల్లో ఉన్నది చికోరీ కాదు. అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల అడవి అంచుల్లో సహజంగా పెరిగే లాక్టూకా ఫ్లోరిడానా (లాక్టూకా అన్నది సలాడ్‌ ఆకు లెట్యూస్‌కూ దాని చుట్టాలకూ ఉమ్మడి శాస్త్రనామం), అంటే అక్కడివారు ఉడ్‌ల్యాండ్ లెట్యూస్ అని పిలిచే మొక్క. న్యూయార్క్ మొదలుకొని ఫ్లోరిడా వరకు, పడమట కాన్సస్, టెక్సాస్ దాకా ఇది కనిపిస్తుంది కాబట్టి ఉత్తర కరోలినాకు ఇది నిక్కమైన సొంత మొక్కే.

యాప్ ఎందుకు తడబడిందో ఊహించడం కష్టం కాదు. మన ఫిల్టర్ కాఫీ పొడిలో వేయించి కలిపే వేరు ఏ మొక్కదో ఆ చికోరీ యూరప్ నుంచి వచ్చి అమెరికా రోడ్ల పక్కన స్థిరపడింది. దాని పువ్వూ నీలమే, దాని కాడ తుంచినా పాలే వస్తాయి. అయితే చికోరీ పువ్వు ఇంచీకి మించిన వెడల్పుతో, తొడిమ దాదాపు లేకుండా కాడనే అంటిపెట్టుకుని పూస్తుంది, పైగా ఎండ బాగా తగిలే బయలే దానికి ఇష్టం. మీరు పువ్వు పక్కన వేలు ఆనించి తీసిన ఫొటోలో పువ్వు వెడల్పు గోరును మించలేదు. అలాంటి పువ్వులు పదుల సంఖ్యలో, సన్నని తొడిమలపై, కొమ్మలు కొమ్మలుగా చీలిన పెద్ద గుత్తిలో నిలిచి ఉన్నాయి. అదే ఫొటోను పెద్దది చేసి చూస్తే ఒక్కొక్క రేకు కొసన అయిదు చిన్న పళ్ళు కనిపిస్తాయి. మనం రేకు అనుకునే ఆ ఒక్కొక్కటీ నిజానికి ఒక పూర్తి పువ్వు. చామంతి కుటుంబంలో లెట్యూస్, చికోరీ ఉన్న తెగకంతా ఇది గుర్తు కనుక దీనితో తెగ తెలుస్తుందే గాని, జాతి తేలదు.

జాతి తేలడానికి ఆకును, గింజను చూడాలి. మీ మొక్క కింది ఆకులు లోతుగా చీలి, కొసభాగం త్రికోణంగా బాణపుమొనలా ఉంది. ఆకు అడుగున నడిమి ఈనెపై ముళ్ళు లేవు. పూలు రాలాక గింజ పైన ఉండే నూగు తెల్లగా ఉంటే సందేహం తీరినట్టే, ఎందుకంటే దీనికి దగ్గరి చుట్టమైన లాక్టూకా బయెన్నిస్‌కు ఆ నూగు గోధుమరంగులో ఉంటుంది, అది ఉత్తరాది చలిప్రాంతాలలోనే ఎక్కువ. మరొక స్థానిక జాతి లాక్టూకా కెనడెన్సిస్ మీ ప్రాంతంలో విరివిగా ఉన్నా, దాని పువ్వు సాధారణంగా పసుపుపచ్చన, కాబట్టి పొరబడే అవకాశం తక్కువ.

నా దృష్టిలో పువ్వు రంగుకన్నా మీరు రాసిన చోటు వివరమే ఎక్కువ విలువైనది. ఆకులు కుళ్ళి సారం పట్టిన తేమనేల, సగం నీడ, వాగు ఒడ్డు, చెట్టు కూలి వెలుతురు పడిన ఖాళీ: ఈ మొక్క వెతుక్కునే తావులు ఇవే. దట్టమైన అడవి నడుమ గాని, రోజంతా ఎండకాసే పచ్చికలో గాని దీనిని వెతకడం వృథా. ఇది ఒకటి రెండేళ్ళే బతికే మొక్క. గింజ రాలితేనే ఆ చోట మళ్ళీ మొలుస్తుంది కనుక, గుత్తులను కోయకుండా వదిలేయండి. ఆ గింజల కోసం గోల్డ్‌ఫించ్ అనే పసుపు పిట్టలు కూడా వస్తాయి.

వండుకోవద్దనే నా సలహా. ఆకు మిక్కిలి చేదు, నడకదారుల పక్కన కలుపుమందు చల్లి ఉండే ప్రమాదమూ ఉంది. అడవి లెట్యూస్ పాలు నొప్పిని హరిస్తాయన్న ప్రచారానికి మూలం వేరే జాతి, యూరప్‌కు చెందిన లాక్టూకా విరోసా. దాని ఎండిన పాలను పందొమ్మిదో శతాబ్దంలో నిద్రమందుగా వాడినమాట వాస్తవమే గాని, అందులో నల్లమందు పదార్థమేదీ లేదు.

ప్రశ్న: ఒహాయోలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ పక్కన పసుపు పూల మొక్క ఒకటి ఉంది. ఆకు వెనుక వరుసగా ముళ్ళు. ఇదీ స్థానికమైన అడవి లెట్యూసేనా? — మరొక పాఠకుడు

జవాబు: అడవి లెట్యూసే, కాని స్థానికం కాదు. ఇది యూరప్, ఆసియాల నుంచి వచ్చిన లాక్టూకా సెర్రియోలా; సలాడ్‌లో వేసుకునే లెట్యూస్‌కు పూర్వికురాలిగా భావించేది దీనినే. ఆ చుట్టరికానికి తగ్గట్టే రెండింటి కణాల్లోనూ క్రోమోజోములు 18; పైన చెప్పిన అమెరికా జాతులకు 34. ఎండలో నిలిచిన మొక్కను మధ్యాహ్నం పరిశీలించండి: ఆకులు మెలితిరిగి అంచులు నిటారుగా నిలిచి, చాలావరకు ఉత్తర దక్షిణాలను చూపిస్తాయి, అందువల్ల నడినెత్తి ఎండ ఆకు ముఖంపై నేరుగా పడదు. పీకేయదలిస్తే చేతికి గ్లౌజు తొడుక్కుని, నూగు విచ్చుకోకముందే వేరుతో సహా పీకండి.