ఆహారపు నాణ్యతకూ పొట్ట కొవ్వుకూ సంబంధం ఏమిటి?

కేలరీలు సమానమైతే ఏం తిన్నా ఒకటేనా అని అడిగారు. బరువు విషయంలో అది చాలావరకు నిజమే గానీ, కొవ్వు ఎక్కడ చేరుతుందన్నది ఆహారపు నాణ్యతపై కూడా ఆధారపడుతుంది. పొట్ట కొవ్వులో కొంత చర్మం కింద, కొంత లోపలి అవయవాల చుట్టూ ఉంటుంది. నిజంగా భయపడవలసింది ఈ రెండోదానికే, ఎందుకంటే దాని నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు, వాపును ప్రేరేపించే రసాయనాలు కాలేయానికి చేరి, ఇన్సులిన్ పనితీరును దెబ్బతీసి, మధుమేహం, గుండె జబ్బుల ముప్పును పెంచుతాయి. తీపి పానీయాలలోని ఫ్రక్టోజ్ అనే చక్కెర మితిమీరితే కాలేయం దానిని కొవ్వుగా మారుస్తుంది. ముడి ధాన్యాలు, కూరగాయలలోని పీచు మాత్రం జీర్ణక్రియను నెమ్మదింపజేసి, ఆకలిని అదుపులో ఉంచుతుంది. తూకం కన్నా టేపుతో కొలుచుకోవడం మేలని నా అభిప్రాయం: ఎత్తు 170 సెంటీమీటర్లయితే నడుము చుట్టుకొలత అందులో సగానికి, అంటే 85 సెంటీమీటర్లకు లోపే ఉండాలి.