టోక్యోలో నిలబడి తినే సుషీ దుకాణాలు: కొత్తగా వచ్చిన తెలుగువారికి

టోక్యోకు ఉద్యోగరీత్యా వచ్చి, నిషి కసాయి చుట్టుపక్కల ఇల్లు తీసుకుని కుదురుకుంటున్న మనవాళ్ళు అద్దె, బ్యాంకు ఖాతా, పిల్లల బడి వంటి సందేహాలు తీరిన తరువాత తప్పకుండా అడిగే ప్రశ్న, సుషీ ఎక్కడ తింటే బాగుంటుందని. దీనికి సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. పళ్ళేలు తిరుగుతూ వచ్చే గొలుసు దుకాణాలకు వెళ్ళమనేది మొదటిది. ఒక్కసారైనా గింజా ప్రాంతంలో పేరున్న వంటగాడి ఎదుట కూర్చుని, ఆయన ఏది పెడితే అది తినమనేది రెండోది. మొదటిచోట అన్నం ముద్దలను చాలావరకు యంత్రాలే చేస్తాయి కనుక అసలు రుచి ఏమిటో తెలియదు. రెండోచోట మనిషికి ఇరవై, ముప్ఫై వేల యెన్‌లు ఖర్చు కావడమే కాక, పచ్చి చేప నాలుకకు అలవాటు కాని వ్యక్తి ఆ డబ్బుకు తగిన ఆనందం పొందడం కష్టం. నన్ను అడిగితే మొదట వెళ్ళవలసినది నిలబడి తినే సుషీ దుకాణానికి. జపనీయులు దీనిని తాచిగుయి అంటారు.

మన ఊళ్ళలో టిఫిన్ బండి ముందు నిలబడి ఇడ్లీ తిని చేయి కడుక్కుని వెళ్ళిపోయినట్టే ఇక్కడ కూడా కౌంటరు ముందు నిలబడి నాలుగైదు రకాలు అడిగి, తిని, డబ్బులిచ్చి వెళ్ళిపోతారు. కుర్చీలు లేకపోవడం వల్ల పదిమంది పట్టే చిన్న గదిలోనే వ్యాపారం సాగుతుంది, ఒక్కొక్కరు ఇరవై ముప్ఫై నిమిషాలకు మించి ఉండరు, అందువల్ల యజమాని అద్దె మీద మిగుల్చుకున్న డబ్బును చేప మీద పెట్టగలుగుతాడు. అదే నాణ్యత గల ట్యూనాకు కూర్చుని తినే దుకాణంలో ఎక్కువ చెల్లించవలసి రావడానికి కారణం ఇదే. మామూలు దుకాణాల్లో ఒక్కో ముక్క నూరు యెన్‌ల చిల్లర నుంచి ఐదు వందల దాకా ఉంటుంది. ఎనిమిది, పది ముక్కలతో కడుపు నింపుకుంటే ఇంచుమించు రెండు మూడు వేల యెన్‌లలో బయటపడవచ్చు. మూడే ముక్కలు తిని వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకా రుచి తెలియని మనిషికి ఈ చివరి సౌకర్యమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం.

నిలబడి తినడం చౌకబారు పద్ధతి అని కొందరు మొహమాటపడతారు కానీ, నిజానికి ఇప్పుడు మనం తినే సుషీ పుట్టుకే అది. చేత్తో ఒత్తి చేసే ఈ నిగిరి సుషీ 1820ల్లో, టోక్యోను ఎదో (Edo) అని పిలిచే కాలంలో, వీధి బళ్ళ మీద పనివాళ్ళ ఆకలి తీర్చే తిండిగా ప్రచారంలోకి వచ్చింది. దానికి రూపం ఇచ్చిన వ్యక్తిగా రియోగోకు ప్రాంతానికి చెందిన హనాయా యోహెయ్ (1799–1858) పేరు చెబుతారు. అప్పటి ముక్క ఇప్పటిదానికంటే రెండు మూడు రెట్లు పెద్దది. 1923 నాటి మహా భూకంపం తరువాత టోక్యో వంటగాళ్ళు దేశమంతటా చెదిరిపోవడంతో ఈ పద్ధతి ఇతర నగరాలకూ పాకింది. యుద్ధానంతరం ఆరోగ్య నిబంధనలు కట్టుదిట్టమై వీధి బళ్ళు కనుమరుగు కావడంతో సుషీ గదిలోకి వెళ్ళింది, కుర్చీ ఎక్కింది, ధర కూడా ఎక్కింది. అదే భూకంపం దాకా నగరపు చేపల బజారు నిహోంబాషి వంతెన దగ్గర ఉండేది. నిషి కసాయి నుంచి తోజాయ్ లైన్‌లో రోజూ ఆఫీసుకు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది నిహోంబాషి స్టేషన్ మీదుగానే వెళుతుంటారు.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్న సంగతి. మొట్టమొదటిసారికి ఉఒగాషి నిహోన్‌ఇచి అనే సంస్థ శాఖల్లో ఒకటి ఎంచుకోవడం మంచిది. షిబుయా, షింజుకు, అకిహబారా వంటి రద్దీ స్టేషన్ల పక్కన ఇవి కనిపిస్తాయి. బొమ్మలతో కూడిన ధరల పట్టిక ఉంటుంది, విదేశీయులు అలవాటే కనుక వేలితో చూపించి అడిగినా సరిపోతుంది, వంటగాడు మాత్రం మన కళ్ళ ముందే చేత్తో ఒత్తి ఇస్తాడు. చేప అద్భుతంగా ఉంటుందని చెప్పను కానీ, చెల్లించిన ధరకు అన్యాయం జరగదు. రెండో మెట్టుగా నెమురో హనమారు పేరు చెబుతాను. హొక్కయిదో ద్వీపపు తూర్పు కొసన ఉన్న నెమురో రేవు పట్టణం నుంచి వచ్చిన ఈ సంస్థ టోక్యోలో తిరిగే పళ్ళేల దుకాణాలతో పాటు నిలబడి తినేవాటినీ నడుపుతోంది. ఉత్తరాది చల్లని సముద్రాల్లో దొరికే ఆల్చిప్ప జాతి హోతతే, సాల్మన్ గుడ్లు, శరత్కాలంలో సన్మా చేప ఇక్కడ తినదగినవి. నాలుక కొంత పదును తేరిన తరువాత గింజాలోని ఒనొదెరా తోర్యూమోన్‌కు వెళ్ళండి. ఖరీదైన గింజా ఒనొదెరా దుకాణంలో పని నేర్చుకుంటున్న యువ వంటగాళ్ళు తమ చేతి పనిని ఇక్కడ జనం ముందు పెడతారు. బిల్లు మామూలు నిలబడే దుకాణానికి రెట్టింపు దాకా కావచ్చు, బయట వరుస కూడా ఉంటుంది. అయినా పెద్ద దుకాణపు సరుకును, అక్కడి శిక్షణను ఆ ఖర్చులో చూడగలగడం ఇంకెక్కడా సులభం కాదు. ఏ సంస్థ శాఖలైనా ఒకచోట మూసి ఇంకొకచోట తెరుస్తుంటాయి కనుక బయలుదేరే ముందు ఫోనులో మ్యాప్ చూసుకోవడం మరచిపోవద్దు.

లోపలికి వెళ్ళాక పాటించవలసిన పద్ధతి పెద్దగా లేదు. ఎంతమంది అని వేళ్ళతో చూపితే నిలబడవలసిన చోటు చూపిస్తారు. సంచిని కౌంటరు కింద ఉన్న కొక్కేనికి తగిలించాలి, తడి గుడ్డతో చేతులు తుడుచుకోవాలి, పచ్చ టీ పొడిని కప్పులో వేసుకుని ఎదురుగా ఉన్న కుళాయి నుంచి వేడినీళ్ళు పట్టుకోవాలి. పట్టికలో రాసిన ధర ఒక ముక్కకా, రెండింటికా అన్నది ముందే చూసుకోవడం అవసరం, ఎందుకంటే కొన్ని దుకాణాల్లో ఒక్కో రకం రెండేసి ముక్కలు తీసుకోవాలి. చేప పేరు చెప్పి ఒనెగాయ్ షిమాస్ అంటే చాలు. ఒకేసారి పది రకాలు అడగకుండా రెండు మూడు చొప్పున అడగండి, పెట్టిన వెంటనే తినండి. చేత్తో తినడం పూర్తిగా మర్యాదే, ఆ విషయంలో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. సోయా రసంలో అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోతుంది, అందుచేత తిరగేసి చేప అంచును మాత్రమే తాకించాలి. వంటగాడే పైన రసం పూసి ఇచ్చినప్పుడు ఏమీ అద్దనక్కరలేదు. వసాబి ఘాటు వద్దనుకుంటే సబి నుకి అని చెప్పాలి. పచ్చిమిరపకాయ కోసం వెతికే మన నాలుకకు అది కొత్త రకం కారం, ముక్కులోకి ఎక్కి క్షణంలో దిగిపోతుంది. వద్దనకుండా ఒకసారి రుచి చూడమనే నా సలహా. అత్తరు దట్టంగా పూసుకుని వెళ్ళడం మాత్రం ఇరుకు గదిలో పక్కవారికి నిజంగా ఇబ్బంది.

పచ్చి చేప అంటే వెనకాడేవారు అన్నీ పచ్చివే అనుకోవడం పొరపాటు. ఎబి అనే రొయ్య ఉడికించినది, తాకో అనే ఆక్టోపస్ సాధారణంగా ఉడికించినదే, అనాగో అనే సముద్రపు ఈల్ చేపను మెత్తగా వండి తియ్యని రసం పూసి ఇస్తారు. వీటితో మొదలుపెట్టి, తరువాత సాల్మన్, ఆపైన ట్యూనాలో కొవ్వు లేని ఎర్రని భాగమైన అకామి తింటే క్రమంగా అలవాటు పడవచ్చు. సాల్మన్ సుషీ ఇక్కడి పాత సంప్రదాయం కాదు, 1980ల్లో నార్వే దేశం తన చేపను అమ్ముకోవడానికి చేసిన ప్రయత్నంతో వచ్చింది. కాబట్టి పాత పద్ధతి దుకాణంలో అది లేకపోతే ఆశ్చర్యపడవద్దు. తీరాంధ్రలో కానాగంతలు, కవళ్ళు తిని పెరిగినవారికి మాత్రం నేను వేరే దారి చెబుతాను. ఉప్పు, వెనిగర్ పట్టించిన సబా (కానాగంత జాతి), అల్లం తురుముతో వచ్చే అజి, ఇవాషి (కవళ్ళ జాతి) నేరుగా అడగండి. ట్యూనా కంటే ఇవే చవక, నీచు వాసనలోని రుచి తెలిసిన నాలుకకు ఇవే ఎక్కువ నచ్చుతాయి.

ఈ చేపల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. సబా, అజి వంటి వాటిలో అనిసాకిస్ అనే సన్నని పురుగు ఉండే అవకాశం ఉంది. వెనిగర్, వసాబి దానిని చంపవు. మైనస్ 20 డిగ్రీల వద్ద 24 గంటలు గడ్డకట్టించడమో, వండడమో మాత్రమే దానికి విరుగుడు. మంచి దుకాణాల్లో వంటగాళ్ళు కంటితో వెతికి తీసివేస్తారు కనుక భయపడి మానవలసిన పని లేదు కానీ, తిన్న కొన్ని గంటలకు కడుపులో భరించలేని నొప్పి వస్తే అజీర్ణమని మాత్రలు మింగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళి పచ్చి చేప తిన్న సంగతి చెప్పాలి. ఎండోస్కోపీతో పురుగును తీసివేస్తారు. గర్భిణులు పచ్చివాటి గురించి ముందు తమ డాక్టరును అడగడం మేలు. దానికి తోడు, పాదరసం కారణంగా పెద్ద జాతి ట్యూనాలైన కురోమగురో, మెబాచిలను వారానికి సుమారు 80 గ్రాములకు మించి తినవద్దని ఇక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ గర్భిణులకు సూచించింది. సుషీ లెక్కలో అది సుమారు ఐదు ముక్కలు.

శాకాహారులకు నిజం చెప్పడమే మంచిది. ఇది వారి కోసం పుట్టిన చోటు కాదు. సహోద్యోగులు బలవంతం చేస్తే దోసకాయతో చేసే కప్పామకి, ముల్లంగి ఊరగాయతో చేసే షింకోమకి, కాస్త ధైర్యం ఉంటే పులిసిన సోయా గింజల నత్తోమకి అడగవచ్చు. గుడ్డు తింటాము కదా అని తమాగో తీసుకుంటే అందులో చేప మరిగించిన దాషి రసం ఉంటుంది, కొన్నిచోట్ల రొయ్య ముద్ద కూడా కలుపుతారు. ఇనారి అనే వేయించిన తోఫు సంచికీ, కంప్యో అనే ఎండు సొరపట్టీకీ అదే దాషి తగిలి ఉండవచ్చు, మిసో సూపు సంగతి చెప్పనే అక్కరలేదు. మద్యం అంటని తిండి కావాలనుకునేవారు అన్నంలోనూ, పూసే రసంలోనూ మిరిన్ అనే తియ్యని బియ్యపు మద్యం ఉండవచ్చునని గుర్తుంచుకోవాలి.

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడు, చంటిపిల్లల బండి వెంట ఉన్నప్పుడు ఈ దుకాణాలను తలపెట్టవద్దు. మోకాళ్ళ నొప్పులవారిని అరగంట నిలబెట్టడం మర్యాద కాదు. టోక్యో స్టేషన్ ఎదుట కిత్తె భవనంలో ఉన్న నెమురో హనమారు తిరిగే పళ్ళేల శాఖకు వెళ్ళి, వరుస చీటీ తీసుకుని, పిలుపు వచ్చేదాకా పై అంతస్తు తోట నుంచి స్టేషన్ చూపిస్తే వారికీ కాలక్షేపం. ఒంటరిగా వెళ్ళేవారు మధ్యాహ్నం రెండు దాటాక, దుకాణం మధ్యలో మూయకపోతే, వెళ్ళడం మంచిది. అప్పుడు వంటగాడికి తీరిక ఉండి ఈ రోజు ఏది బాగుందో అడిగితే ఓపికగా చెబుతాడు. శుక్రవారం సాయంత్రం ఆ మాట అడిగే సందే దొరకదు. 2018లో త్సుకిజి నుంచి మారిన తొయొసు చేపల బజారుకు ఆదివారం, కొన్ని బుధవారాలు సెలవు కనుక, రకాలు ఎక్కువ కావాలనుకుంటే మంగళవారమో, గురువారమో చూసుకోండి. బిల్లుకు ఒకైకెయ్ అంటే చాలు, టిప్పు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల్లో రైలుకు వాడే సుయికా కార్డు చెల్లుతుంది, సందుల్లోని చిన్న దుకాణాలకు మాత్రం నగదు దగ్గర ఉంచుకోండి. నిలబడి తిన్నా అది దుకాణంలో తిన్నట్టే లెక్క, పన్ను 10 శాతం పడుతుంది. పొట్లం కట్టించుకుంటే 8 శాతమే, కానీ ఆ రెండు శాతం కోసం చేతిలోంచి చేతిలోకి వచ్చే ముక్కను వదులుకోమని నేను చెప్పను.