చలికాలం బేస్‌బాల్ కబుర్లలో మీరూ ఓ కుర్చీ లాక్కోండి

డాలస్ వచ్చి మూడు నెలలైన ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. కారు లోను, అపార్ట్‌మెంట్ లీజు, ఇన్సూరెన్సు అన్నీ మాట్లాడాక చివర్లో కాస్త మొహమాటంగా అడిగాడు. "అన్నా, ఆఫీసులో లంచ్ టైములో అందరూ బేస్‌బాలే మాట్లాడుతున్నారు. సరే, చూసి నేర్చుకుందామని టీవీ పెడితే ఆటే లేదు. సీజన్ అయిపోయిందంట. లేని ఆట గురించి ఇంతింతసేపు ఏం మాట్లాడతారన్నా? నేను ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నా."

ఈ ప్రశ్న నాకూ ఉండేది. అడగడానికి ఎవరూ లేక, కొన్నేళ్లు లంచ్ బాక్సు డెస్కు దగ్గరే తెరుచుకుని తిన్నాను. ఆ ఏళ్లు మీకు వద్దు. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మేజర్ లీగ్‌లో 30 టీములున్నాయి. మార్చి చివర్నుంచి సెప్టెంబరు చివరిదాకా ఒక్కో టీము 162 ఆటలు ఆడుతుంది. అంటే ఆరు నెలలు దాదాపు రోజూ ఆటే. అక్టోబరులో నాకౌట్లలాంటి ప్లేఆఫ్స్, ఆ తర్వాత ఫైనల్, అదే వరల్డ్ సిరీస్. అది ముగిసిన ఐదు రోజులకు, కాంట్రాక్టు అయిపోయిన ఆటగాళ్లు ఏ టీముతోనైనా సంతకం చేయొచ్చు. అక్కణ్నుంచి ఫిబ్రవరి మధ్యలో ప్రాక్టీసు మొదలయ్యేదాకా ఎవరు ఎక్కడికి వెళ్తున్నారు, ఎవర్ని ఎవరికి ఇచ్చి ఎవర్ని తెచ్చుకుంటున్నారు అన్నదే మాట. దీన్ని ఇక్కడ 'హాట్ స్టవ్' అంటారు. వెనకటికి చలికాలం ఊళ్లో కొట్టు దగ్గర పొయ్యి చుట్టూ చేరి ఈ కబుర్లు చెప్పుకునేవారట. మన ఊళ్లో సంక్రాంతి ముందు నెగడు చుట్టూ కూర్చుని పందెం కోళ్ల గురించి మాట్లాడుకున్నట్టే.

కొత్తగా వచ్చినవాళ్లు ఆటలోకి అడుగు పెట్టడానికి ఇదే మంచి కాలమని నేను నమ్ముతాను. ఆట నడుస్తున్నప్పుడు రూల్సు తెలియకపోతే నోరు మెదపలేం. చలికాలంలో అలా కాదు. డబ్బు, బేరం, ఆశ, భయం, వీటి గురించే మాట్లాడతారు. అవి మనకు కొత్తేం కాదు.

మనకు ఐపీఎల్ వేలం తెలుసు. 2023 డిసెంబరులో సన్‌రైజర్స్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొంటే మన వాట్సాప్ గ్రూపుల్లో తెల్లవార్లూ అదే గోల. అంత డబ్బు పెట్టాలా అని సగంమంది, కెప్టెన్ దొరికాడని సగంమంది. తర్వాతి సీజన్లో టీము ఫైనల్ దాకా వెళ్లింది. ఇక్కడి కబుర్లూ అచ్చం అలాంటివే, కాకపోతే మన వేలం ఒకట్రెండు రోజుల్లో తేలిపోతుంది, ఇది మూడు నెలలు నడుస్తుంది. ఇంకో పెద్ద తేడా ఉంది. ఇక్కడ వేలం పాట ఉండదు. ఆటగాడు ఏజెంటును పెట్టుకుని టీములతో బేరమాడతాడు, ఎక్కడికి వెళ్లాలో తనే తేల్చుకుంటాడు.

ఆ హక్కు అంత తేలిగ్గా రాలేదు. కర్ట్ ఫ్లడ్ అని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు 12 సీజన్లు ఆడిన నల్లజాతి ఆటగాడు ఉండేవాడు. 1969లో ఆ టీము అతన్ని అడగకుండానే ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. అప్పట్లో కాంట్రాక్టు అయిపోయినా సరే, ఆటగాడు టీము సొత్తే. ఫ్లడ్ వెళ్లనన్నాడు. నేను కొని అమ్ముకునే వస్తువును కాదని కమిషనర్‌కు లేఖ రాశాడు, కోర్టుకెక్కాడు. 1970 సీజనంతా ఆట మానుకున్నాడు. 1971లో వాషింగ్టన్ టీముకు 13 ఆటలు ఆడి, ఇక చాలించుకున్నాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1975 చివర్లో వేరే ఇద్దరు పిచర్ల (బంతి విసిరేవాళ్ల) కేసులో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఆటగాళ్లకు తలుపు తెరుచుకుంది. ఫ్లడ్‌కు మాత్రం దాని ఫలం అందలేదు. అతను ఆఖరుగా ఆడిన ఆ వాషింగ్టన్ టీమే 1972లో టెక్సస్‌కు తరలొచ్చి రేంజర్స్ అయింది. డాలస్ పక్కన వాళ్లాడే ఆర్లింగ్టన్ స్టేడియానికి వెళ్లినప్పుడల్లా నాకు ఆ మనిషి గుర్తొస్తాడు.

ఇప్పటి లెక్క ప్రకారం ఆరేళ్ల సర్వీసు పూర్తి చేసినవాడే ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన టీముకు వెళ్లగలిగినవాడు. అప్పటిదాకా టీము చెప్పినచోట ఆడాల్సిందే. హెచ్‌వన్ వీసా ఆరేళ్ల లెక్క, చదువయ్యాక ఓపీటీలో ఉద్యోగం లేని 90 రోజుల లెక్క వేళ్లమీద వేసుకునే మనకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. వీళ్లకూ రోజుల లెక్కే. మేజర్ లీగ్‌లో 172 రోజులుంటే ఒక సర్వీసు ఏడాది. 2015లో షికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్ అనే కుర్రాణ్ని మొదటి కొన్ని ఆటలు కింది లీగ్‌లోనే ఉంచి తర్వాత పిలిచింది. సీజన్ చివర చూస్తే 171 రోజులు. ఒక్క రోజు తక్కువ. దాంతో టీము చేతికి ఇంకో ఏడాది దొరికింది. అతను ఫిర్యాదు చేశాడు, ఓడిపోయాడు. లంచ్ టేబుల్ దగ్గర ఎవరైనా 'సర్వీస్ టైమ్' అంటే విషయం ఇది.

ఇక నేను ఈ కబుర్లలో ఎలా పడ్డానో చెప్తాను. 2021లో థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం. మా పక్కింటి పెద్దాయన నిచ్చెనెక్కి చూరుకు క్రిస్మస్ లైట్లు కడుతున్నాడు. కింద ఫోన్లో రేడియో నడుస్తోంది. ఉన్నట్టుండి గబగబా దిగి, చేతిలో లైట్ల తీగ అలాగే పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "సీగర్ వస్తున్నాడు! పదేళ్లకు!" అన్నాడు. అంతకు ముందురోజే మార్కస్ సెమియెన్ రేంజర్స్‌తో ఏడేళ్లకు 175 మిలియన్లకు ఒప్పుకున్నాడట. ఇప్పుడు షార్ట్‌స్టాప్ కోరీ సీగర్ 325 మిలియన్లకు. రెండు రోజుల్లో అరబిలియన్ డాలర్లు. అది కూడా ఆ ఏడాది 102 ఆటలు ఓడిన టీము.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ మాటే చెప్పి, "షార్ట్‌స్టాప్ అంటే ఎవరు?" అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. గుమ్మం దగ్గర హాలోవీన్ నాటి గుమ్మడికాయలు రెండు ఇంకా ఉన్నాయి. రెండూ తెచ్చి డ్రైవ్‌వేలో పెట్టాడు. నడుమ తన టోపీ పెట్టి, ఇది సెకండ్ బేస్ అన్నాడు. టోపీకి కుడివైపు గుమ్మడికాయ సెమియెన్, ఎడమవైపుది సీగర్, అదే షార్ట్‌స్టాప్ చోటు. బంతులు ఎక్కువగా వచ్చేది ఈ ఇద్దరి మధ్యకే, వెన్నెముక నిలబడితే ఒళ్లు అదే నిలబడుతుంది అన్నాడు. అరగంట చలిలో నిలబడ్డాం. ఆ ఇంటి పక్కన నాలుగేళ్లున్నా అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

మూడు రోజులకే టీముల యజమానులు లీగ్‌కు తాళం వేశారు. డిసెంబరు 2 నుంచి 99 రోజులు లాకౌట్, సంతకాలు లేవు. 2022లో టీము మళ్లీ 94 ఓడింది. సీజన్ అయిపోయాక బ్రూస్ బోచీ మేనేజర్‌గా, అంటే హెడ్ కోచ్‌గా వచ్చాడు, చలికాలంలో ఇంకొందరు పిచర్లు వచ్చారు. 2023 నవంబరు 1 రాత్రి ఫీనిక్స్‌లో వరల్డ్ సిరీస్ ఆఖరి ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సెమియెన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. సీగర్‌కు సిరీస్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడి అవార్డు. టీము చరిత్రలోనే మొదటి టైటిల్. అర్ధరాత్రి దగ్గరపడుతుంటే మా తలుపు చప్పుడైంది. తీస్తే ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో ఒక చిన్న గుమ్మడికాయ. మాట రావట్లేదు ఆయనకు.

కాబట్టి మొదటి సలహా, మీరున్న ఊరి టీమును మీ టీము అనుకోండి. హ్యూస్టన్ అయితే ఆస్ట్రోస్, ఆల్ఫరెట్టా అయితే బ్రేవ్స్, నోవైలో టైగర్స్, ఎడిసన్‌లో యాంకీస్, మెట్స్ ఇద్దరూ ఉంటారు. గెలిచే టీమును ఎంచుకోకండి, వాళ్లకది తెలిసిపోతుంది. మాట కలపాలంటే ఒక్క ప్రశ్న చాలు: "ఈ చలికాలం మనవాళ్లకు ఏం కావాలి?" పిచరా, బ్యాటరా, అసలు యజమాని డబ్బు తీస్తాడా? మీరు అడిగితే వాళ్లు చెప్తారు. నిజంగా వినండి.

కొన్ని గాయాలు కెలకొద్దు. డాలస్‌లో 2011 వరల్డ్ సిరీస్ ఆరో ఆట సంగతి మీ అంతట మీరు ఎత్తకండి. ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు మనదే అన్న చోటికి ఒకే రాత్రి రెండుసార్లు వచ్చి చేజార్చుకున్నారు. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో మనకెలా ఉందో అలాంటిదే. ఓక్లండ్ అభిమానికి టీమే ఊరు విడిచి వెళ్లింది, ఆ బాధ వేరు. సియాటిల్ వాళ్లు ఇంతవరకు వరల్డ్ సిరీస్ మొహమే చూడలేదు.

పుకార్ల విషయంలో జాగ్రత్త. 2023 డిసెంబరు 8న జపాన్ స్టార్ ఒహ్తానీ టొరంటో వెళ్లే విమానంలో ఉన్నాడని వార్త వచ్చింది. జనం ఆ విమానాన్ని ఫోన్లలో గంటల తరబడి వెంబడించారు. దిగిందేమో ఒక వ్యాపారవేత్త. మర్నాడు ఒహ్తానీయే, తాను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు వెళ్తున్నానని ప్రకటించాడు. టొరంటో స్నేహితుడొకడు ఆ సాయంత్రం నాతో ఫోన్లో మాట్లాడిన గొంతు ఇంకా గుర్తుంది. ఒప్పందం కుదిరిందన్నా, వైద్య పరీక్ష అయ్యేదాకా నమ్మకండి. 2022 చలికాలంలో కార్లోస్ కొరియాకు శాన్ ఫ్రాన్సిస్కో 350 మిలియన్లన్నది, రిపోర్టు చూసి ఆగిపోయింది. మెట్స్ 315 అన్నది, అదీ ఆగింది. చివరికి మినసోటాతో 200కి సంతకం చేశాడు. ఆఫర్ లెటర్ వచ్చినా బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా చేయొద్దని మీకెవరో చెప్పే ఉంటారు. అదే ఇది.

డబ్బు గురించి ఒక మాట. మన దగ్గర "జీతమెంత బాబూ" అని పెళ్లిలో పరిచయమైనవాళ్లు కూడా అడుగుతారు. ఇక్కడ పదేళ్లుగా పక్క సీట్లో ఉన్నవాడి జీతం కూడా తెలియదు, అడగకూడదు. ఆటగాడి జీతం మాత్రం ఎంతసేపైనా మాట్లాడొచ్చు. "ఒక్క మనిషికి అంతా?" అని కొట్టిపారేయకుండా, ఎన్నేళ్లకు, ఎప్పుడు ఇస్తారు అని అడగండి. అప్పుడే రుచి తెలుస్తుంది. ఒహ్తానీ కాంట్రాక్టు పదేళ్లకు 700 మిలియన్లు, కానీ ఏటా చేతికొచ్చేది రెండే. మిగతా 680 వడ్డీ లేకుండా 2034 నుంచి 2043 దాకా ఇస్తారు. ఏడాది తర్వాత హువాన్ సోటో మెట్స్‌తో 15 ఏళ్లకు 765 మిలియన్లు తీసుకున్నాడు, వాయిదాలు లేకుండా. ఇద్దరిలో ఎవరిది తెలివైన బేరం అని అడిగి చూడండి, లంచ్ అయిపోయినా ఎవరూ లేవరు.

ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పే పేరు అడోలిస్ గార్సియా. క్యూబాలో పుట్టి, జపాన్ మీదుగా వచ్చాడు. 2019 డిసెంబరులో కార్డినల్స్ అతన్ని కాస్త డబ్బుకు రేంజర్స్‌కు ఇచ్చేసింది. 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ కూడా జాబితాలోంచి తీసి, కావలసినవాళ్లు తీసుకోండంది. మిగతా 29 టీముల్లో ఒక్కటీ చెయ్యెత్తలేదు. అదే ఏడాది అతను ఆల్ స్టార్, అంటే లీగ్ మేటి ఆటగాళ్ల జట్టులో ఒకడు. 2023 ప్లేఆఫ్స్‌లో 22 పరుగులు రాబట్టి రికార్డు పెట్టాడు.

అయితే చలికాలం ఇస్తుంది, తీసుకెళ్తుంది కూడా. 2025 నవంబరులో రేంజర్స్ గార్సియాకు మరుసటి ఏడాది కాంట్రాక్టు ఇవ్వకుండా వదిలేసింది. రెండు రోజులకే సెమియెన్‌ను మెట్స్‌కు ఇచ్చి బ్రాండన్ నిమ్మోను తెచ్చుకుంది. ఆ ఆదివారం పక్కింటాయన వాకిట్లో ఆకులు ఊడుస్తూ కనిపించాడు. నేనే దగ్గరికెళ్లాను. వయసు మీదపడింది, టీము లెక్కలు టీముకుంటాయి అని ఆయనే వాళ్ల తరఫున చెప్పాడు. కాసేపాగి, "కుడివైపు గుమ్మడికాయ వెళ్లిపోయింది" అన్నాడు. నిమ్మో ఎలాంటివాడని అడిగాను. చీపురు పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

తమ్ముడూ, నువ్వు ఫ్రిస్కోలోనే ఉన్నావు కదా. రేంజర్స్ కింది లీగ్ టీము రఫ్‌రైడర్స్ అక్కడే ఆడుతుంది, ఏప్రిల్‌లో మొదలవుతుంది. అవుట్‌ఫీల్డ్ వెనక పిల్లలు ట్యూబుల మీద తేలే నీళ్లకాలువ కూడా ఉంది, మీ ఇంట్లోవాళ్లకు నచ్చుతుంది. ఇవాళ లంచ్‌లో ఎవర్ని ఇచ్చేస్తారో అని వాదించుకుంటున్న కుర్రాళ్ల పేర్లు విను, వాళ్లలో కొందరిని అక్కడ పదడుగుల దూరంలో చూడొచ్చు. రేపు బాక్సు పట్టుకుని ఆ టేబుల్ దగ్గరికే వెళ్లి, నిమ్మో గురించి అడుగు.