ఎవరు పిలిచినా వెళ్ళిపోయే నాలుగేళ్ల పాప

"కొత్తవాళ్ళతో వెళ్ళకు" అని ఎన్నిసార్లు చెప్పినా మీ పాప వెళ్ళిపోవడం మొండితనం కాదండీ. ఆ వయసులో కొత్తవాళ్ళంటే చూడగానే భయమేసేవాళ్ళు. నవ్వుతూ పేరు పెట్టి పిలిచిన మనిషి ఆ లెక్కలోకి రాడు.

1. కాగితం మధ్యలో పాప ఫొటో అతికించి, చుట్టూ మూడు వలయాలు గీయండి. లోపల ఇంట్లోవాళ్ళు, తర్వాత టీచర్ లాంటి తెలిసినవాళ్ళు, బయట తెలియనివాళ్ళు. ఎవరెక్కడో పాపనే చెప్పనివ్వండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: మనిషితో పాటు, అడిగే పనికి కూడా నియమం ఉండాలి. "నాతో రా", "ఇంట్లో చెప్పకు" అని లోపలి వలయంలో వాళ్ళన్నా సరే, ముందు మీ దగ్గరికి రావాలి. దీన్ని ఆటలా ఆడించండి. "కుక్కపిల్లను చూపిస్తా, రా" అంటూ మీరే ఆంటీలా నటించండి. పాప "అడిగొస్తా" అని వెనక్కి పరిగెత్తాలి. మాటలతో చెబితే తల ఊపుతారు, అంతే. వారం తర్వాత మళ్ళీ ఆడించండి, ఈలోగా మర్చిపోయి ఉండొచ్చు.

3. బంధువులకు ముద్దు పెట్టమని బలవంతం చేయకండి, వాళ్ళు చిన్నబుచ్చుకున్నా పర్వాలేదు. ఇంట్లో "వద్దు" అనలేని పిల్ల బయటా అనలేదు.

4. కొత్త టీచర్ వస్తే ఏ వలయమో మళ్ళీ కలిసి చూసుకోండి.