మౌంట్ అవ్వని డిస్క్ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

లినక్స్ కెర్నెల్‌లో డిస్క్ మౌంట్ అవ్వని, అంటే దానిలోని ఫైళ్ళు సిస్టమ్‌కు అందుబాటులోకి రాని బగ్ నీ చేతికి వచ్చిందని తెలిసి సంతోషమేసింది. కోడ్ తెరిచే ముందు ఆ డిస్క్‌ను డీడీ కమాండ్‌తో ఇమేజ్‌గా, అంటే బైటు బైటుకూ నకలుగా తీసి, అసలుది పక్కన పెట్టు. రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే ఏమీ కాదులే అనుకోకు. జర్నల్‌లో (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చోట) పని మిగిలి ఉంటే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అప్పుడు కూడా డిస్క్ మీద రాస్తుంది. ఆ రాతతో బగ్ మాయమైపోతే మళ్ళీ రప్పించడం చాలా కష్టం. ఇమేజ్ కాపీలను వర్చువల్ మెషీన్‌లో పెట్టుకుని ఎన్నిసార్లైనా పాడుచెయ్యి.

మౌంట్ కమాండ్ చెప్పేది పట్టుకుని వేలాడకు. కెర్నెల్ నుంచి దానికి అందేది చాలాసార్లు ఒక్క ఎర్రర్ నంబరే, అందుకే ఫైల్ సిస్టమ్ రకమో ఆప్షనో సూపర్‌బ్లాకో (ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే బ్లాక్) తప్పని అన్నీ కలిపి చెప్పేస్తుంది. కెర్నెల్ సందేశాలను చూపించే డీమెసేజ్ చూడు. అందులోనూ ఏమీ లేకపోతే ఇమేజ్‌ను హెక్స్‌లో తెరువు. ఈఎక్స్‌టీ4 సూపర్‌బ్లాక్ 1024వ బైటు దగ్గర మొదలవుతుంది. సీడీ అయితే 16వ సెక్టార్ చూడాలి. సెక్టారుకు 2048 బైట్లు కాబట్టి అది 32768వ బైటు, దాని తర్వాతి బైటు నుంచి సీడీ001 అనే అక్షరాలు కనపడాలి. కోడ్ ఎక్కడైనా సెక్టారును 512గా లెక్కేస్తే 8192 దగ్గర వెతికి, డిస్క్ బాగానే ఉన్నా బాగాలేదంటుంది.

నువ్వు ఎక్కువ సేపు కూర్చోవాల్సింది మాత్రం మౌంట్ సమయంలో సూపర్‌బ్లాక్‌ను చదివి సిద్ధం చేసే ఫిల్ సూపర్ ఫంక్షన్ దగ్గర. మౌంట్ సవ్యంగా జరిగే దారిని అందరూ పరీక్షిస్తారు, మధ్యలో విఫలమయ్యే దారిని ఎవరూ నడవరు. లినక్స్‌లో రూట్ డెంట్రీ (మొదటి డైరెక్టరీకి కెర్నెల్ మెమరీలో ఉంచే ఎంట్రీ) ఏర్పడక ముందే ఫెయిలైతే, శుభ్రం చేసే నీ పుట్ సూపర్ ఫంక్షన్‌ను కెర్నెల్ పిలవదు. అప్పటిదాకా తీసుకున్న బఫర్లు, మెమరీ అన్నీ నువ్వే వదలాలి. ఆ రూట్ డెంట్రీని తయారుచేసే డీ మేక్ రూట్ సంగతి వేరు. అది ఫెయిలైతే, నువ్వు దానికిచ్చిన ఐనోడ్‌ను (ఫైలు వివరాలుండే రికార్డును) తానే వదిలేస్తుంది. జాగ్రత్తపడుతున్నాననుకుని ఐనోడ్‌ను వదిలే ఐపుట్‌ను నువ్వు మళ్ళీ పిలిచావో, ఒకే రిఫరెన్స్ రెండుసార్లు పోతుంది. ఫెయిలైనప్పుడు కోడ్ దూకే ప్రతి గోటూ లేబుల్ దగ్గరా ఆగి, ఇక్కడికి వచ్చేసరికి చేతిలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసుకో. మెమరీ తప్పులను పట్టే కాసాన్ ఆన్ చేసి, ప్రతి మెట్టులోనూ కావాలని ఫెయిల్ చేయించి చూడు.

ఇంకో మాట, దీన్ని గట్టిగానే చెప్తున్నాను. ఏదో చెక్ అడ్డొస్తోందని దాన్ని తీసేసి మౌంట్ చేయించకు. డిస్క్ మీదున్న ఏ అంకెనూ నమ్మడానికి లేదు, ఎవరైనా కావాలని తప్పుగా రాసిన ఇమేజ్ కావచ్చు. ఆ చెక్ ఎందుకు పెట్టారో, ఏ లైన్ ఏ కమిట్‌లో వచ్చిందో చూపే గిట్ బ్లేమ్ ద్వారా వెతికి చదువు. ఎందుకో అర్థం కాకపోతే ముట్టుకోకు. పాత కెర్నెల్‌లో మౌంట్ అయ్యేదైతే నీ పని సులువు, కమిట్లను సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ బగ్ తెచ్చిన కమిట్‌ను పట్టిస్తుంది.

ప్యాచ్‌లో ఫిక్సెస్ లైన్ మర్చిపోకు, ఏ కమిట్ తెచ్చిన తప్పును సరిచేస్తున్నావో అదే చెప్తుంది. పాత స్టేబుల్ కెర్నెళ్ళకు మార్పు చేరాలంటే సీసీ స్టేబుల్ లైన్ కూడా పెట్టు. బగ్‌ను చూపించే అతి చిన్న ఇమేజ్ ఎలా తయారుచెయ్యాలో కూడా రాయి. రివ్యూ చేసేవాళ్ళు ముందు దాన్నే నడిపి చూస్తారు.

ప్రేమతో,
పెదనాన్న