టర్న్‌పైక్ అంటే గేటా, రోడ్డా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటరు చదువుతోంది. పాత ఇంగ్లీషు కథల్లో టర్న్‌పైక్, వేఫేరర్, హైవేమన్ లాంటి మాటలు వచ్చినప్పుడల్లా ఆగిపోతోంది. టర్న్‌పైక్‌కు నిఘంటువులో సుంకపు గేటు అని ఒక అర్థం, రోడ్డు అని ఇంకో అర్థం ఉన్నాయి. ఒకే మాటకు రెండూ ఎలా కుదురుతాయి? వాడుకలో లేని ఈ మాటలు నేర్చుకుని ఏం ప్రయోజనం?
– ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: తెలియని మాటను దాటేసి పోకుండా ఆగినందుకు ముందు మీ అమ్మాయికి నా ఆశీస్సులు. విజయనగరంలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పాను. అలా ఆగే పిల్లలు తరగతికి ఇద్దరు ముగ్గురే ఉండేవారు.

ఈసారి శ్రీకాకుళం వచ్చేటప్పుడు అమ్మాయిని వెంటబెట్టుకుని రండి. మడపాం టోల్ గేటు దగ్గర సగం పాఠం అక్కడికక్కడే అర్థమవుతుంది. టర్న్ అంటే తిరగడం, పైక్ అంటే పొడవాటి బల్లెం. గుర్రాల మీద వచ్చే శత్రువును ఆపడానికి, బల్లేలు బిగించిన దూలాన్ని దారికి అడ్డంగా, తిప్పడానికి వీలుగా నిలిపేవారు. యుద్ధం కోసం పుట్టిన ఆ పేరు తర్వాత సుంకం వసూలు చేసే గేటుకు వచ్చింది.

గేటు ఎందుకు పెట్టారన్నది కూడా చెప్పండి. పదహారో శతాబ్దపు చట్టాల ప్రకారం ఇంగ్లండులో ఏ ఊరి దారిని ఆ ఊరివాళ్ళే బాగుచేసుకోవాలి. ఏడాదికి మొదట నాలుగు రోజులు, 1563 నుంచి ఆరు రోజులు కూలి లేకుండా పనిచేయాలి. ఎక్కడెక్కడి బండ్లో తొక్కి గోతులు చేసిన రోడ్డుకు మేమెందుకు వెట్టి చేయాలని వాళ్ళకు ఉండదా? చివరకు 1663లో, లండన్ నుంచి ఉత్తరాదికి పోయే పెద్ద దారిలో కొంత మేర, దారి వాడుకునేవాళ్ళే డబ్బు కట్టేలా పార్లమెంటు చట్టం చేసింది. తర్వాత అలాంటి గేట్లు దేశమంతా వెలిశాయి. చివరిది 1895లో పోయింది. ఈలోగా గేటు పేరు రోడ్డుకే స్థిరపడింది. అమెరికాలో టోల్ రోడ్డును నేటికీ టర్న్‌పైక్ అంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు చిన్నప్పుడు సాలూరు దారిలో చూసిన అటవీ శాఖ గేటు గుర్తొస్తుంది. అడ్డంగా ఒక వెదురు గెడ, ఒక చివర తాడుతో కట్టిన బండరాయి. కాపలాదారు ఇటు తాడు వదలగానే రాయి బరువుకు గెడ లేచేది. మా నాన్న ఎడ్లను అదిలించేలోగా నేను తల వంచుకునేవాణ్ణి, అది నెత్తిమీద పడుతుందేమోనని.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. గేటు పేరు రోడ్డుకు రావడం ఇంగ్లీషులోనే జరగలేదు, మన రహదారి కథా అదే. పారశీకంలో రాహ్ అంటే దారి, రాహ్‌దార్ అంటే దారి కాచేవాడు. ఆ కాపలా పేరు చెప్పి వర్తకుల దగ్గర వసూలు చేసే సుంకం రాహ్‌దారీ. మొగలుల కాలంలో అది పెద్ద బెడద. శ్రీకాకుళం ఒకప్పుడు ఫౌజుదారులు ఏలిన సర్కారు కాబట్టి కచేరీలో పారశీకపు మాటలు మనవాళ్ళకు కొత్త కాదు. సుంకం పోయింది, మాట మాత్రం రోడ్డుకు మిగిలింది. జాతీయ రహదారి అని బోర్డు మీద చదివినప్పుడు అమ్మాయికి ఇది గుర్తుండాలి.

వేఫేరర్ అంటే బాటసారి. అందులోని ఫేర్ పాత ఇంగ్లీషులో వెళ్ళడం, ప్రయాణించడం అనే క్రియ. ఇప్పుడు బస్సు చార్జీకి మిగిలింది. ఫేర్‌వెల్ అంటే క్షేమంగా వెళ్ళు అని. మన ఇళ్ళలో గడప దాటేవాళ్ళు వెళతాను అనరు, వెళ్ళివస్తాను అంటారు. వాళ్ళు వెళ్ళడం వరకే కోరుకున్నారు, మనం తిరిగి రావడం కూడా కోరుకున్నాం. నాకు మన మాటే నచ్చుతుంది. ట్రావెల్ అనే మాట కష్టం, యాతన అని అర్థమిచ్చే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. జర్నీ అంటే మొదట్లో ఒక రోజు నడక. మన మజిలీకి దగ్గర. హైవేమన్ గుర్రమెక్కి దారి దోచే దొంగ, అంతే.

ప్రయోజనం అడిగారు. ఈ మాటలు పరీక్షలో రావు. కానీ టర్న్‌పైక్ తెలియకపోతే రహదారిలో ఏముందో నేనూ వెతికి ఉండేవాణ్ణి కాదు. అమ్మాయిని ఆపకండి.

ప్రశ్న: ఆమదాలవలసలో ఉన్న స్టేషనుకు శ్రీకాకుళం రోడ్ అని పేరెందుకు?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: రైలు మార్గం శ్రీకాకుళం పట్టణం మీదుగా పోదు. పట్టణానికి వెళ్ళాలంటే ఇక్కడ దిగి రోడ్డు పట్టుకోండి అని ఆ పేరు చెబుతోంది. ఊరికి దూరంగా పడిన స్టేషన్లకు అలా పేరు పెట్టడం రైల్వేవారి అలవాటు. రోడ్ అనే మాటకు పాత ఇంగ్లీషులో గుర్రపు స్వారీ అని అర్థం; దారి అనే అర్థం పదహారో శతాబ్దం చివరికి గాని స్థిరపడలేదు. మా అమ్మమ్మ ఆ స్టేషనులో దిగి, ట్రంకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని, జట్కాలో శ్రీకాకుళం చేరేదట. ఆమె రోడ్ అన్న మాటను పాత అర్థంలోనే వాడుకుందన్నమాట.