యుద్ధ శరణార్థులకు గృహవసతి స్వచ్ఛంద సంస్థలు ఎలా తోడ్పడతాయి?

యుద్ధం వల్ల దేశం విడిచి వచ్చినవారికి ఈ సంస్థలు తలదాచుకునే చోటు మాత్రమే చూపిస్తాయని చాలామంది అనుకుంటారు. తొలి రోజుల వసతి ఎక్కువగా ప్రభుత్వాలు, సహాయ శిబిరాలు చూసుకుంటాయి; ఆ తాత్కాలిక ఏర్పాటు ముగిసి, కుటుంబం వీధిన పడే ప్రమాదం ఎదురైనప్పుడే వీటి అవసరం ఎక్కువగా కనిపిస్తుంది.

ఉదాహరణకు బ్రిటన్‌లో 2022 మార్చిలో మొదలైన 'హోమ్స్ ఫర్ యుక్రెయిన్' పథకం కింద, శరణార్థులకు కనీసం ఆరు నెలలు తమ ఇంట్లో చోటివ్వడానికి ఒప్పుకున్నవారికి ప్రభుత్వం మొదట్లో నెలకు 350 పౌండ్లు చెల్లించింది. ఆ ఆతిథ్యం ముగిశాక అద్దె ఇల్లు దొరకడమే అసలైన చిక్కు, ఎందుకంటే ఆ దేశంలో గతంలో అద్దెకున్న దాఖలా గానీ, పూచీ ఇచ్చే మనిషి గానీ లేనివారికి ఇల్లివ్వడానికి యజమానులు వెనకాడతారు. అందుకే కొన్ని సంస్థలు అడ్వాన్సుకు తామే హామీ ఉంటాయి. బ్రిటన్‌లోని 'షెల్టర్' అనే గృహవసతి స్వచ్ఛంద సంస్థ వంటివి, నిరాశ్రయులుగా స్థానిక కౌన్సిల్‌కు (అక్కడి స్థానిక ప్రభుత్వ సంస్థకు) ఎలా దరఖాస్తు చేసుకోవాలో, ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు ఏ హక్కులుంటాయో ఉచితంగా వివరిస్తాయి.

బయటికి అంతగా కనిపించని మరో పని మధ్యవర్తిత్వం. ఒకే వంటగదిని పంచుకునే రెండు కుటుంబాల మధ్య మాట పట్టింపు వస్తే, అది ముదరకముందే ఇరువైపులా మాట్లాడి సర్దుబాటు చేయగలిగితే, కొత్త ఇల్లు వెతికే శ్రమ చాలాసార్లు తప్పుతుంది. ఇళ్ల కొరతను మాత్రం ఈ సంస్థలు తీర్చలేవు; అది ప్రభుత్వ విధానాల చేతిలో ఉన్న విషయం.